అడగకుండా అచ్చైన పేరు

ఆ రోజు నేను చేసిన తప్పు చూడ్డానికి చాలా చిన్నది. ఒక పెళ్లి కార్డుకు కంప్యూటరులో ఆజ్ఞ రాస్తూ రెండు చదరపు బ్రాకెట్లు వేయకుండా వదిలేశాను. వాటి మధ్య రాయవలసింది కూడా ఏమీ లేదు. ఖాళీ బ్రాకెట్లే. అవి ఉంటే కార్డు అడుగున ఏమీ పడేది కాదు. అవి లేకపోవడంతో అక్కడికి ఒక నాయకుడి పేరు వచ్చి కూర్చుంది. పెళ్లి నా స్నేహితుడి చెల్లెలిది. ఎవరి పేరూ వద్దని వాడు నా ఎదురుగా కూర్చుని మరీ చెప్పి వెళ్లాడు.

ఇది తప్పులో ఒక సగం. వాడు కార్డు పట్టుకుని తిరిగి వచ్చినప్పుడు నేను చెప్పిన జవాబు రెండో సగం. నన్ను ఇన్నేళ్లుగా కుదురుగా ఉండనివ్వనిది ఆ రెండోదే.

అప్పట్లో ప్రొద్దుటూరులో, బట్టల అంగళ్ల వెనక సందులో నాకొక చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్లి కార్డులు, కర్మక్రియల కార్డులు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు వేసేవాణ్ని. యూనివర్సిటీలో లెక్కలు చదివేటప్పుడు లేటెక్ అనే అచ్చుకూర్పు పద్ధతి నేర్చుకున్నాను. ఊళ్లో మిగతా ప్రెస్సులవాళ్లు తెర మీద అక్షరాలను మౌసుతో అటూ ఇటూ జరిపి పేజీ కట్టేవాళ్లు. నా పద్ధతిలో అలా జరపడానికి ఏమీ ఉండదు. ఏది ఎక్కడ రావాలో మాటల్లో రాసుకుంటూ పోవాలి. అంతా రాసి నడిపిస్తే చివరికి పేజీ తయారై వస్తుంది. పక్క ప్రెస్సు ఆయన మా గడపలో నిలబడి, "ఏమప్పా, మంత్రాలయినాయా? కార్డు దిగిందా?" అని నవ్వేవాడు. నాకూ నవ్వొచ్చేది. లోపల మాత్రం, నాకు తెలిసింది వీళ్లకు తెలియదన్న పొగరు ఉండేది.

ఆ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాక్రో. ఒకే పని మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తే దానికి మనమే ఒక పేరు పెట్టుకుంటాం. తర్వాత ఆ పేరు కొడితే చాలు, పనంతా అదే జరుగుతుంది. పెళ్లి కార్డంటే ఏముంది? పైన దేవుడు, వధువు, వరుడు, ముహూర్తం, పెళ్లి జరిగే చోటు, పిలిచేవాళ్ల పేర్లు. మారేవి పేర్లూ వేళలే. అందుకని 'పెళ్లి' అని ఒక మాక్రో రాసుకున్నాను. ఆ మాట కొట్టి, దాని పక్కన మీసాల్లా వంపు తిరిగిన బ్రాకెట్లలో ఒక్కొక్క పేరూ ఇస్తూ పోతే, ఎవరి అక్షరం ఎంత లావుండాలో, ఎవరి కింద ఎవరు రావాలో అదే చూసుకునేది.

ఇచ్చే వాటిలో ఒకటి మాత్రం తప్పనిసరి కాదు. కావాలంటే ఇవ్వొచ్చు, వద్దంటే మానొచ్చు. దాన్ని అన్నిటికంటే ముందు, చదరపు బ్రాకెట్లలో ఇవ్వాలి. ఆ బ్రాకెట్లు అసలే లేకపోతే ఆ చోట ఏం పడాలన్నది మాక్రో పుట్టినప్పుడే చెప్పి పెట్టాలి. బ్రాకెట్లు వేసి లోపల ఏమీ రాయకపోతే ఏమీ పడదు. బ్రాకెట్లే వేయకపోతే ముందు చెప్పి పెట్టింది పడుతుంది. ఏమీ వద్దనడమూ, ఏమీ చెప్పకపోవడమూ కంప్యూటరుకు వేరువేరు సంగతులు.

నా 'పెళ్లి' మాక్రోలో ఆ చోటు ఆశీస్సుల వరసది. మా వైపు కార్డు అడుగున ఫలానావారి ఆశీస్సులతో అని ఒక వరస వేయించుకునేవాళ్లు. ఆ ఫలానావారు తాతో మేనమామో కాదు, ఊరి మీద పట్టు ఉన్న వర్గం పెద్ద. ఆయన ఏ పార్టీలో ఉంటే వీళ్లూ ఆ పార్టీ. కార్డు చేతికందగానే చాలామంది ముహూర్తం కంటే ముందు ఆ వరస చూసేవాళ్లు. పెళ్లివాళ్లు ఎవరి మనుషులో, పెళ్లికి పోతే ఎవరి పక్కన కూర్చోవాల్సి వస్తుందో అక్కడ తెలిసిపోతుంది. ఆ వరస లేని కార్డులు తక్కువ. ఉద్యోగస్థులవి కొన్ని. ఏ వర్గంలోనూ చేరకుండా ఎలాగో నెట్టుకొస్తున్నవాళ్లవి కొన్ని.

మొదట్లో ఆ చోట నేను ఏమీ పెట్టలేదు. చెప్పకపోతే ఖాళీ. అలాగే చాలాకాలం నడిచింది.

ఒక ఎన్నికల ముందు, కొండాపురం వైపు ఊళ్లలో పలుకుబడి ఉన్న ఒక నాయకుడి మనిషి మా ప్రెస్సుకు వరసగా పని తేవడం మొదలుపెట్టాడు. ఒకసారి వాళ్ల కార్డుల్లో ఆశీస్సుల వరస వేయడం మరిచాను. అతను వచ్చాడు. గొంతు పెంచలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కార్డు తీసి నా కీబోర్డు మీద పెట్టాడు.

"ఆయప్ప పేరు మర్చిపోయినావే," అన్నాడు. "ఎవురన్నా మర్చిపొమ్మని చెప్పినారా?"

"లేదన్నా. పొరపాటు."

"పొరపాటే అయ్యింటాది. ఇంగోసారి కాకుండా చూసుకో."

టీ తెప్పిస్తే తాగి వెళ్లాడు. అతను సందు మలుపు తిరిగీ తిరగకముందే నేను మాక్రో తెరిచి, ఖాళీగా ఉన్న చోట ఆ నాయకుడి పేరు పెట్టేశాను. ఇక నేను మరిచినా కంప్యూటరు మరవదు. ఎంత తెలివైన పని చేశానా అనుకున్నాను. నిజానికి నేను చేసింది నా భయాన్ని ప్రతి కార్డుకూ అంటించడం.

ఇప్పుడు నా స్నేహితుడి గురించి చెప్పాలి. చెప్పాలనుకుంటే వాడి కిర్రుచెప్పుల చప్పుడు ముందు వినిపిస్తుంది.

మేమిద్దరం జమ్మలమడుగులో ఇంటర్ కలిసి చదివాం. మా నాయన తాలూకా కచేరీలో గుమస్తా. వాళ్లది కొండాపురం దాటాక ఒక పల్లె, గొర్రెలు కాచుకునే ఇల్లు. వాళ్ల నాయన పోవడంతో వాడు ఇంటర్‌తో చదువు ఆపి మంద వెనక నడిచాడు. నేను పై చదువులకు పోయి, ఉద్యోగం దొరక్క ప్రెస్సు పెట్టాను. వాడు ప్రొద్దుటూరు వచ్చిన ప్రతిసారీ, పనేదైనా సరే, ముందు మా ప్రెస్సుకు వచ్చి కంబళి బల్ల కింద తోసేవాడు. వాళ్లమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలూ ఊరిబిండి పచ్చడీ బల్ల మీద పరిచేవాడు. మాది పూజలు చేయించే కుటుంబం కాబట్టి నన్ను సామీ అనేవాడు. అందులో మర్యాద కంటే ఎగతాళి ఎక్కువ.

"ఏం సామీ, ఇంత చదివి ఈడ కూచోని ఎవురెవురి పెండ్లిండ్లో చేస్తాండావే. నీ పెండ్లి ఎప్పుడు?"

"నీ గొర్రెలు ఎప్పుడు డిగ్రీ పాసవుతాయో అప్పుడు."

"అవి పాసయితాయిలే. నిన్ను చూసే భయం."

ఒకసారి మాక్రో అంటే ఏందని అడిగాడు. చెప్పాను. వాడు రొట్టె నములుతూ విన్నాడు. "మేము ఈల ఏస్తే మంద మళ్లినట్ల," అన్నాడు. "ఒక ఈలకు ఎడమకు, ఇంగో ఈలకు ఏటికి. అంతేనా?"

"అంతే. ఈల వేయకపోతే ఎటు పోవాలో కూడా ముందే చెప్పి పెట్టొచ్చు."

"చెప్పేదేంది. ఈల ఏయకుంటే నిన్న పోయిన దోవలోనే పోతాయి."

మధ్యాహ్నం ఎండ సందులోకి దిగి, మిషను ఆగి, సిరా వాసనలో గొర్రెల వాసన కలిసి ఉండే ఆ గంటలు నా జీవితంలో మళ్లీ రాలేదు. తర్వాత నాకు మంచి స్నేహితులు దొరికారు. బల్ల మీద నా పక్కన కూర్చుని నా పొగరును చేత్తో తుడిచేసినట్టు తుడిచేసేవాడు మాత్రం దొరకలేదు.

వాడు చెల్లెలి పెళ్లి కార్డుకు వచ్చినప్పుడు కొత్త చొక్కా వేసుకున్నాడు. వరుడిది పులివెందుల వైపు పల్లె. ఆ ఊరివాళ్లంతా అవతలి వర్గం, అవతలి పార్టీ. పేర్లన్నీ కాగితం మీద రాసుకుని వచ్చాడు. నేను చదువుతూ కొడుతున్నాను.

"కింద ఏం పేరూ వద్దు సామీ," అన్నాడు. "ఆయప్పదీ వద్దు, అవతలోళ్లదీ వద్దు. మా యమ్మ మరీ మరీ చెప్పింది."

ఎందుకో నాకు తెలుసు. కోతలయ్యాక వాళ్ల మంద పొలం పొలం తిరిగేది. గొర్రెలు రాత్రిళ్లు మడిలో పడుకుంటే ఎరువు దిగుతుందని రైతులే పిలిచేవాళ్లు. గొర్రెలకు కోసిన పైరు మోళ్లలో మేత దొరికేది. కొన్నాళ్లు ఈ వర్గంవాళ్ల చేలల్లో, కొన్నాళ్లు ఆ వర్గంవాళ్ల చేలల్లో. ఊళ్లో బాంబులు పడిన ఏడు కూడా వాళ్ల మంద రెండు వైపులా తిరిగింది. వాళ్ల నాయన దాన్ని ఎలాగో నిలబెట్టాడు. ఆయన పోయాక వాడు నిలబెడుతున్నాడు. ఫలానా వర్గం అనిపించుకున్న రోజు సగం పొలాలు మూసుకుపోతాయి. ఒంటరిగా చేలల్లో పడుకునే మనిషికి అంతకంటే పెద్ద భయాలు కూడా ఉంటాయి. వాడు ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు.

"అచ్చు ఏసేముందు ఒకసారి చూపీ సామీ," అన్నాడు.

"నీ చెల్లెలి కార్డుకు నీకు ప్రూఫ్ చూపించాలా? పోరా. నేను చూసుకుంటాలే."

"చూసుకుంటావులే," అని నవ్వి లేచాడు.

నేను చూసుకోలేదు. వాడు వెళ్లాక పాత అలవాటు ప్రకారం బ్రాకెట్లు లేకుండా 'పెళ్లి' కొట్టాను. నా చేతికి ఇంకా పాత మాక్రోనే గుర్తు. ఏమీ ఇవ్వకపోతే ఖాళీ అన్నదే గుర్తు. పేజీ తయారై వచ్చాక వధువు పేరులో ఒత్తులు సరిగ్గా పడ్డాయా, ముహూర్తం సరిగ్గా ఉందా అని చూశాను. అడుగు వరస మీద కళ్లు పోయాయి, కానీ నిలవలేదు. ఆ నెలంతా వచ్చినవి ఆ నాయకుడి వర్గం పనులే కావడంతో ప్రతి కార్డు మీదా ఆ పేరు చూసీ చూసీ, అది నాకు అంచు మీది పూల డిజైను లాగా అయిపోయింది. స్నేహితుడి పని కదా అని కార్డులన్నీ నేనే కవర్లలో పెట్టి, కట్ట కట్టి ఉంచాను. ఆ ప్రేమ కూడా వాడికి కీడే చేసింది. కవర్లలో ఉండబట్టి వాడు తీసి చూడలేదు. ఇంట్లో మొదటి కార్డు దేవుడి ముందు పెట్టారు. మిగతావాటి మీద పేర్లు రాసి, పసుపు పూసి, ఊళ్లోనూ వియ్యంకుల వైపూ పంచేశారు.

కొన్నాళ్లకు వాడు వచ్చాడు. కంబళి బల్ల కింద తోయలేదు. నిలబడే కార్డు తీసి నా ముందు పెట్టాడు.

"కింద చూడు."

చూశాను. అడుగున ఆ నాయకుడి పేరు.

"పులివెందుల తట్టు నుంచి పెండ్లికొడుకు నాయన కార్డు తిరిగి పంపినాడు," అన్నాడు వాడు. "మీరు ఆ వర్గంలో చేరినారంట, మాకు ముందే చెప్పొచ్చు కదా అన్నాడంట. మా ఊర్లో ఆయప్ప మనుషులు ఇంటికొచ్చి నా భుజం తట్టినారు. ఇప్పటికి బుద్ధొచ్చిందిరా నీకు అని. అవతలోళ్లు మంద తోలుకొని పొమ్మన్నారు. నిన్నటి దాకా వాళ్ల మడిలోనే పెట్టినా. మా యమ్మ అన్నం ముట్టలేదు. ఇదేంది సామీ?"

అప్పుడు నేను నిజం చెప్పి ఉండొచ్చు. ఎవడికో భయపడి ఆ పేరు నేనే పెట్టాను, నీకిచ్చిన మాట మరిచాను అని చెప్పి ఉండొచ్చు. నా నోటి నుంచి వచ్చింది వేరు.

"కంప్యూటరు పొరపాటప్పా. ఒక్కోసారి అట్ల అయితాది."

వాడు నా మొహంలోకి చూశాడు.

"కంప్యూటరుకు మా తట్టు ఆయప్ప పేరు ఎవురు చెప్పినారు?"

"పాత కార్డులోది వచ్చేసి ఉంటుంది. దానికేం తెలుసు..."

వాడు కార్డు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే సార్," అన్నాడు.

అంతకు ముందు వాడు నన్ను ఎన్నడూ సార్ అనలేదు. కిర్రుచెప్పులు సందు చివరి దాకా వినిపించి ఆగిపోయాయి. నేను బల్ల దగ్గరే కూర్చుని చాలాసేపు ఆ మాక్రోను చూస్తూ ఉండిపోయాను. అందులో ఏ తప్పూ లేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. యంత్రం మీద నేను వేసిన నిందను కాదనడానికి కూడా దానికి నోరు లేదు. ఆ పూటే మాక్రో మార్చాను. ఆశీస్సుల వరసను ఇష్టముంటే ఇచ్చేది కాకుండా తప్పనిసరిగా ఇచ్చేదిగా చేశాను. ఖాళీ కావాలన్నా ఇక నేను ఆగి, ఖాళీ అని రాయాల్సిందే. అది మరమ్మతు మాత్రమేనని నాకు తెలుసు. దానితో ఎవరి మందా ఏ చేలోకీ పోదు.

కొత్త కార్డులు వేసి పంపితే సరిపోతుందా అంటే, సరిపోదు. మా వైపు నాయకుడి పేరు అడగకుండా వేయడం తప్పు. వేసిన పేరును తీసేయడం అంతకంటే పెద్ద తప్పు. పేరు లేని కార్డు రెండోసారి ఆ ఇంటి నుంచే బయటికి వస్తే, ఆయన్ను వద్దనుకున్నారని ఊరంతా చదువుకుంటుంది. ఆ కార్డు మోసేవాడు నా స్నేహితుడు కాకూడదు. నేనే మోయాలి.

మర్నాడు పులివెందుల బస్సెక్కాను. వరుడి తండ్రి ఊరి ముందర టీ అంగడి దగ్గర బెంచీ మీద ఉన్నాడు. చుట్టూ ఆయన వర్గం మనుషులు. నేనెవరో చెప్పి, తప్పు నాదని చెప్పాను.

"అచ్చేసినోడు తప్పు చేసినాడంటే ఎవురు నమ్ముతారప్పా?" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నాకు మీ స్నేహితుని మీద ఏం లేదు. వీళ్లందరికీ నేనేం చెప్పాల?"

"వీళ్లకు నేనే చెప్తా."

లేచి నిలబడి చెప్పాను. మాక్రో సంగతి చెప్పడానికి మాటలు దొరక్క, ఒక నాయకుని మనిషి వచ్చి భయపెడితే అన్ని కార్డులకూ ఆ పేరే పడేటట్టు రాసి పెట్టుకున్నానని చెప్పాను. ఎవరో నవ్వారు.

"అంటే వానికి భయపడితివి. మా తట్టు వచ్చి మాకు భయపడితివి. రేపు ఎవురికి పడతావు?"

"రేపు ఆయన ఇంటికే పోతాండా," అన్నాను.

నవ్వు ఆగింది. వరుడి తండ్రి నాకు టీ ఇప్పించాడు. కొత్త కార్డు తెస్తే తీసుకుంటానని అందరి ముందూ అన్నాడు.

నాయకుడి ఇంటి ముందు రెండు జీపులు ఉన్నాయి. ఆయన వసారాలో కూర్చుని, చేటలో శనక్కాయలు పోసుకుని పుచ్చులు ఏరుతున్నాడు. ప్రెస్సుకు వచ్చే ఆయన మనిషి స్తంభానికి ఆనుకుని నిలబడి నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు. అంతా చెప్పాను. ఆయన ఏరడం ఆపలేదు.

"అంటే ఏం చెప్పకుంటే నా పేరే పడతాదా?"

"పడేటట్ల నేనే చేసినానన్నా."

"బాగుండాది కదప్పా. అట్లనే ఉండనీ," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఆ గొర్రెలోడు నా తట్టు వస్తే నాకు వచ్చేదేంది, రాకుంటే పోయేదేంది. పడిన పేరు కొట్టేస్తే నలుగురూ ఏమనుకుంటారో నీకు తెల్దా?"

"తెలుసన్నా. అందుకే వాళ్లను పంపను. పాత కార్డులు నేనే ఇంటింటికీ పోయి వెనక్కి తీసుకుంటా. తప్పు ప్రెస్సుదని ప్రతి గడపలో నేనే చెప్తా. మిమ్మల్ని వద్దని ఎవరూ అనలేదు. మిమ్మల్ని అడగలేదు, అంతే."

ఆ చివరి మాట నేను అనుకుని అన్నది కాదు. ఆయన చేట పక్కకు పెట్టాడు.

"పో," అన్నాడు. "ఇంటింటికీ పో. ఒక్క గడప కూడా వదలాకు. ఇంగ మా పనులు నీ ప్రెస్సుకు రావు."

రాలేదు. ఆయన పనులే కాదు, ఆయన వైపువాళ్లవి ఏవీ రాలేదు. అది నాకు బాధ కలిగించలేదని అంటే అబద్ధం. కానీ ఇక్కడ రాయవలసిన బాధ అది కాదు.

పెళ్లి జరిగింది. నేను పోయాను. వాడు నాకు పక్కన నిలబడి వడ్డించాడు. "ఇంకొంచెం వేసుకోండి సార్," అన్నాడు. తర్వాత కూడా ప్రొద్దుటూరు వస్తే అప్పుడప్పుడు ప్రెస్సు గడప దాకా వచ్చేవాడు, మర్యాదగా పలకరించి పోయేవాడు. నేను చేసిన తప్పును వాడు క్షమించాడనే అనుకుంటాను. కంప్యూటరు మీదికి తోసిన ఆ ఒక్క మాటను క్షమించలేకపోయాడు. నేను నిజం చెప్పాను, కానీ వాడికంటే ముందు ఊరందరికీ చెప్పాను. వాడికి చెప్పేసరికి అది వాడు ఎక్కడో విన్న సంగతి. ఆ చెప్పే వరస ఎందుకు తారుమారు చేశానో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. పరాయివాళ్ల ముందు సిగ్గు విడవడం సులువేమో.

వాళ్ల పల్లె తర్వాత రిజర్వాయరు నీళ్ల కింద పోయింది. వాళ్లకు కాలనీలో ఇల్లు ఇచ్చారు. మంద తిప్పడానికి చేలు లేక వాడు గొర్రెలు అమ్మేశాడని ఎవరో చెప్పారు. ఒకసారి జమ్మలమడుగు బస్టాండులో కనిపించాడు, కాళ్లకు మామూలు రబ్బరు చెప్పులు. బాగున్నారా అని అడిగాడు, నా పిల్లల చదువులు అడిగాడు. నా బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. కిటికీలోంచి నేను వాడి నోటినే చూస్తున్నాను. పాత పిలుపు ఒక్కసారి అంటాడేమోనని. చెయ్యి ఊపాడు, అంతే. ఇప్పటికీ ప్రొద్దుటూరు వీధుల్లో ఎవరైనా ఎవరినైనా సామీ అని పిలిస్తే తల తిప్పుతాను.

ఇంటింటికీ తిరిగిన రోజు సంగతి చెప్పడం ఇంకా మిగిలింది. నాయకుడి ఇంటి నుంచి వచ్చిన మర్నాడు కొత్త కార్డులు వేసి, ఒక్కొక్కటీ పై నుంచి కింది దాకా చదివి, కొండాపురం పోయే బస్సెక్కాను. వాళ్ల ఇంటికి పోతే వాడు లేడు. మందను దూరంగా ఏటి ఒడ్డున పెట్టుకుని అక్కడే ఉన్నాడట. వాళ్లమ్మ గడపలో కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా వింది.

"నా కొడుకు నిన్ను నమ్మినాడు సామీ," అంది. "వానికి నమ్మేదానికి నలుగురు లేరు."

ఆమె లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. బొట్టు పెట్టకుండా పెళ్లికి పిలవకూడదు, మొగోడివి నువ్వు పోయి ఏం పిలుస్తావు అని, మొగుడు పోయిన తాను బొట్టు పెట్టకూడదు కాబట్టి తోడికోడలిని వెంటబెట్టుకుని నాతో బయల్దేరింది.

ఊరి ఆ కొస నుంచి మొదలుపెట్టాం. ప్రతి గడపలో ఆమె పిలిచేది, తోడికోడలు ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టేది. నేను పాత కార్డు అడిగి తీసుకుని, కొత్తది ఇచ్చి, ముందు వేసినదానిలో పేరు తప్పు నాది, ఈ ఇంటివాళ్లు వేయమనలేదు అని చెప్పేవాణ్ని. కొందరు వినకుండానే సరేలే అన్నారు. ఒకాయన తన కార్డును పిల్లోడు చించేశాడని నవ్వాడు. నాయకుడి వర్గంవాళ్ల వీధిలో ఒకడు తలుపు సగమే తెరిచి, "ఎవురు పంపినారు నిన్ను?" అని అడిగాడు. ఎవరూ పంపలేదని, నాయకుడికి చెప్పే వచ్చానని చెప్పాను. కార్డు తీసుకున్నాడు.

అవతలి వర్గం వీధిలో, మంద తోలుకుని పొమ్మన్న రైతు ఇల్లు అన్నిటి వెనక ఉంది. ఆయన గడ్డివామి దగ్గర ఎద్దుకు నీళ్లు పెడుతున్నాడు. చేతులు పంచెకు తుడుచుకుని కొత్త కార్డు తీసుకున్నాడు. పైన ఏముందో చూడలేదు. నేరుగా అడుగుకు చూశాడు. వెలుతురుకు పట్టి మళ్లీ చూశాడు.

"పాతది ఇయ్యప్పా," అన్నాను నేను. నా తప్పు చెప్పాను.

ఆయన లోపలికి పోయి పాత కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి, నాతో కాక నా స్నేహితుడి అమ్మతో అన్నాడు.

"పడమటి మడిలో మోళ్లు అట్లనే ఉండాయి. ఎవురూ మేపలేదు."

"పెండ్లయిన ఎంటనే తోలమంటా," అంది ఆమె, ఆయన భార్యకు బొట్టు పెట్టమని తోడికోడలికి భరిణె అందిస్తూ.

నేను పాత కార్డును సంచిలో వేసుకుని, మిగిలిన గడపల వైపు ఆమె వెనక నడిచాను.